పొగ ఒక గదిలో, నిద్ర ఇంకో గదిలో

కిందటి వేసవిలో ఒక రాత్రి మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పొగ అలారం మోగింది. ఆ ఇంట్లోవాళ్లకు తప్ప మిగతా అందరికీ వినబడింది.

మాది విజయనగరంలో రింగు రోడ్డు వైపు. కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. మూడో అంతస్తులో ఉండే మాస్టారు డెబ్బై దాటిన మనిషి. రిటైరయ్యాక ఇల్లంతా జాగ్రత్తగా అమర్చుకునే రకం. వంటింటి వెనక యుటిలిటీలో ఇన్వర్టర్ ఉంది కదా అని దాని పైనే ఒక అలారం బిగించుకున్నారు. ఆ రాత్రి బ్యాటరీ టెర్మినల్ వదులై, వైరు వేడెక్కి, ప్లాస్టిక్ కరిగి పొగ మొదలైంది. అలారం తన పని తాను చేసింది. కానీ యుటిలిటీ తలుపు వేసి ఉంది, వంటింటి తలుపు వేసి ఉంది, పడగ్గది తలుపు బిడాయించి ఏసీ వేసుకుని దంపతులిద్దరూ నిద్రపోతున్నారు. కూత మాత్రం యుటిలిటీ కిటికీలోంచి డక్ట్‌లోకి పోయి పై అంతస్తుల వంటిళ్లలోనూ, కింద వాచ్‌మన్ గదిలోనూ మారుమోగింది. వాచ్‌మన్ మూడంతస్తులు ఎక్కి "బావూ, తలుపు తియ్యండి బావూ" అని బాదితే గానీ మాస్టారు లేవలేదు.

పెద్ద నష్టమేమీ లేదు. ఒక వైరు, గోడ మీద కొంచెం మసి. పొద్దున్న మెట్ల దగ్గర కనబడి ఆయన నన్ను ఒకే మాట అడిగారు: "అలారం పెట్టుకున్నాను కదా నాయినా, మరి నాకెందుకు వినబడలేదు?"

నేను అసోసియేషన్ సెక్రటరీని. ఎవరూ ముందుకు రాకపోతే నా నెత్తిన పడిన పదవి అది. మాస్టారి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే, సంగతి పొగను కనిపెట్టడం దగ్గర ఆగలేదు. పొగను కనిపెట్టడం ఎప్పుడో తేలిపోయిన పని. ఎవరిని లేపాలి, ఎవరిని లేపకూడదు అన్నదే అసలు చిక్కుముడి. వైర్‌లెస్‌గా ఒకదానితో ఒకటి కలిసే అలారాలు ఆ ముడిని సగం విప్పుతాయి. మిగతా సగం మనమే విప్పుకోవాలి.

ముందు ముక్కు సంగతి. పొగ వస్తే వాసనకి మెలకువ వచ్చేస్తుందని మనందరి నమ్మకం. అది నిజం కాదు. గాఢనిద్రలో ఉన్న మనిషిని వాసన లేపలేదని పరిశోధకులు నిద్రపోతున్నవాళ్ల మీద పరీక్షించి మరీ తేల్చారు. పైగా పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని ఇంకా మత్తులోకి నెడుతుంది. నిద్రలో కాపలా కాసేది చెవి ఒక్కటే. చెవికి చేరాలంటే శబ్దం కావాలి.

ఇళ్లలో పెట్టే అలారం 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ మోగాలని యూరప్, అమెరికా ప్రమాణాలు రెండూ చెబుతాయి. ఇక మాస్టారి ఇంటి లెక్క చూద్దాం. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. యుటిలిటీ నుంచి ఆయన మంచానికి పది మీటర్లనుకుంటే 75కి పడిపోయింది. మూసిన తలుపు ఒక్కోటీ సుమారు 15 డెసిబెల్స్ మింగేస్తుందనుకోండి. మూడు తలుపులు. మిగిలింది 30. ఏసీ, ఫ్యాను కలిసి చేసే చప్పుడు అంతకంటే ఎక్కువ. నిద్రపోయేవాళ్ల దిండు దగ్గర 75 డెసిబెల్స్ ఉండాలని అమెరికా ప్రమాణం అడుగుతుంది. ఆయన దిండు దగ్గర అందులో సగం కూడా లేదు. డెసిబెల్స్ లెక్కలో సగమంటే చెవికి సగం కాదు, దాదాపు ఏమీ లేనట్టే.

వయసు సంగతి కూడా కలపాలి. మామూలు అలారాల కూత 3,000 హెర్ట్జ్ పైన ఉండే సన్నటి స్వరం. వయసు పైబడితే మొదట మందగించేది ఆ సన్నటి స్వరాలే. అందుకే 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగే రకాలు వచ్చాయి. పిల్లల్నీ, వినికిడి తగ్గినవాళ్లనీ అవే మెరుగ్గా లేపుతాయని పరీక్షల్లో తేలింది. మన దుకాణాల్లో ఇలాంటిది అడిగితే వింతగా చూస్తారు గానీ, అడగాల్సిందే.

అయితే తలుపులు తీసి పడుకుంటే సరిపోతుంది కదా అని మాస్టారి భార్య అన్నారు. ఇక్కడే మెలిక ఉంది. మూసిన తలుపు నిప్పు వేళ మనకున్న పెద్ద రక్ష. అది పొగనీ, వేడినీ కొన్ని నిమిషాల పాటు అవతలే ఆపుతుంది. ఆ కొన్ని నిమిషాలు ఇప్పుడు మరీ విలువైనవి. అమెరికాలో వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ రెండు గదులు పక్కపక్కన పెట్టి అంటించి చూసింది. పాతకాలపు చెక్క సామాను, దూది పరుపులున్న గది నిలువునా మంటల్లోకి వెళ్లడానికి అరగంట దాకా పట్టింది. ఫోము సోఫాలు, సింథటిక్ కర్టెన్లు ఉన్న గదికి పట్టింది నాలుగైదు నిమిషాలే. మనమూ నులక మంచం నుంచి ఫోము సోఫాకి వచ్చేశాం.

అంటే తలుపు మూసి పడుకోవాలి, కూత మాత్రం తలుపు ఇవతలే పుట్టాలి. కలిసి మోగే అలారం చేసేది సరిగ్గా ఈ పనే. యుటిలిటీలో పొగ కనబడితే యుటిలిటీది, హాల్లోది, పడగ్గదిలోది అన్నీ ఒకేసారి కూస్తాయి. అమెరికాలో కొత్త ఇళ్లకు ఇలా కలపడం 1989 నుంచే ప్రమాణంలో ఉంది. అప్పట్లో గోడల్లోంచి వైరు లాగి కలిపేవారు. కట్టేసిన ఇంట్లో గోడలు తవ్వి వైరు లాగమంటే ఎవరూ లాగరు. రేడియో వచ్చాక ఆ బాధ పోయింది. 2011లో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో ఒకే ఇంట్లో 11 మంది చనిపోయిన ప్రమాదం తర్వాత, అక్కడ ప్రతి ఇంట్లోనూ కలిసి మోగే అలారాలు ఉండాలని చట్టం చేశారు. చివరి గడువు 2027 జనవరి 1. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచే అన్ని ఇళ్లకూ ఇది తప్పనిసరి. అక్కడి చట్టం హాల్లో ఒకటి, ప్రతి నడవలో ఒకటి, వంటింట్లో మాత్రం పొగది కాకుండా వేడిని పసిగట్టేది పెట్టమంటుంది.

ఆ చివరి మాట మనకు చాలా ముఖ్యం. మన వంటిళ్లలో పోపు ఉంది.

పొగ అలారం లోపల ఒక చీకటి అర ఉంటుంది. ఒక మూల చిన్న ఎల్‌ఈడీ, దాని వెలుతురు నేరుగా పడని ఇంకో మూల ఒక కన్ను. మామూలప్పుడు ఆ కంటికి ఏమీ కనబడదు. పెంకుటింట్లో సందులోంచి పడే ఎండచారలో దుమ్ము మెరవడం చూసే ఉంటారు. అలాగే పొగ రేణువులు అరలోకి చొరబడగానే వెలుతురు వాటి మీద పడి చెదిరి, కొంత కంటికి తగులుతుంది. అంతే, కూత. కానీ ఆ కంటికి పొగకీ, ఎండుమిరపకాయల పోపు నుంచి లేచే నూనె తుంపరలకీ తేడా తెలియదు. అప్పడాల మూకుడుకీ, సాంబ్రాణికీ, స్నానాల గదిలోంచి వచ్చే ఆవిరికీ తెలియదు. తొలకరి వాన పడ్డ రాత్రి లైటు చుట్టూ ముసిరే ఉసిళ్లు లోపలికి దూరినా అదే గోల. రోజూ పోపుకి కూసే అలారాన్ని ఎవరైనా ఎన్నాళ్లు భరిస్తారు? మూడో రోజుకి విప్పి అటక మీద పడేస్తారు. విదేశాల్లో కూడా ప్రమాదం వేళ మోగని అలారాల్లో చాలావాటికి బ్యాటరీ పీకేసి ఉండటమే కారణం. అన్నీ కలిసి మోగేవైతే ఈ తంటా మూడింతలు. పొద్దున్నే వంటింట్లో పప్పుకి పోపు వేస్తే రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న కొడుకు మంచం మీద ఎగిరిపడతాడు.

అందుకని వంటింట్లో వేడి అలారం. పైకప్పు దగ్గర గాలి 57, 58 డిగ్రీలు చేరితేనే అది మోగుతుంది. మే నెల మధ్యాహ్నం రెండు పొయ్యిలూ వెలిగించినా అక్కడిదాకా రాదు. పొగది హాల్లో, పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరంలో పెట్టాలి. పూజగది గుమ్మం మీద వద్దు. ఫ్యాను రెక్క చివరనుంచి దాదాపు మీటరు దూరం ఉంచాలి, లేకపోతే ఆ గాలికి పొగ దాని దగ్గరికే చేరదు. మన గదుల్లో నడిమధ్యన ఫ్యానే ఉంటుంది కాబట్టి ఇది అనుకున్నంత తేలిక కాదు. మా ఇంట్లో పడగ్గది పైకప్పు మీద స్కేలు పట్టుకుని అరగంట నిచ్చెన మీదే ఉన్నాను.

గ్యాస్ లీకైతే చెబుతుందా అని మీటింగులో ముగ్గురు అడిగారు. చెప్పదు. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాస్ పొగ కాదు, గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. దానికి వేరే డిటెక్టర్ ఉంటుంది, అది నేలకు దగ్గరగా పెట్టాలి.

ఇక రేడియో. ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఈ అలారాల్లో మంచివాటికి లోపలే సీలు చేసిన లిథియం బ్యాటరీ ఉంటుంది. అది పదేళ్లు రావాలి. సెన్సర్ ఆయుష్షు కూడా పదేళ్లే, ఆ తర్వాత మొత్తం మార్చాల్సిందే. అంత చిన్న బ్యాటరీ మీద రేడియో పదేళ్లు చెవులు రిక్కించుకుని కూర్చోవడం కుదరని పని. అందుకని అది నిద్రపోతుంది. కొన్ని సెకన్లకోసారి రెప్పపాటు లేచి, ఎవరైనా పిలిచారా అని విని, మళ్లీ పడుకుంటుంది. పొగ చూసిన అలారం ఒకసారి పిలిచి ఊరుకోదు. పడుకున్నవన్నీ లేచే దాకా అదే సందేశం పంపుతూ ఉంటుంది. అందుకే ఒకటి మోగాక మిగతావి అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అది చూసి పాడైందని వెనక్కి పంపించేసినవాళ్లు ఉన్నారు.

కొన్ని రకాల్లో విన్న ప్రతి అలారమూ అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది. ఉద్దానం వైపు తాటాకు ఇళ్ల ఊళ్లలో అగ్గి రాజుకుంటే ఒక వీధిలో పెట్టిన కేకని పక్క వీధి అందుకుని ఆ పైవీధికి చేర్చేది, ఇదీ అంతే. మొదటిదానికీ చివరిదానికీ నేరుగా అందకపోయినా మధ్యలోది మోసుకెళుతుంది. ఈ పద్ధతి ఉందో లేదో కొనేముందు చూసుకోవాలి. పెట్టె మీద వంద మీటర్లని రాసి ఉంటుంది. అది బొబ్బిలి రోడ్డు పక్క ఖాళీ పొలంలో కొలిచిన లెక్క అనుకోండి. ఇంట్లో తొమ్మిది అంగుళాల గోడలు, ఇనుప చువ్వలు నిండిన స్లాబు, స్టీలు బీరువాలు, నీళ్ల ట్యాంకులు ఉంటాయి. ఒకే అంతస్తులో అయితే ఇబ్బంది రాదు. రెండు స్లాబులు దాటాలంటే మధ్యలో మోసేవాడు ఒకడుండాలి.

ఒక గుంపువి వేరే గుంపుకు పలక్కుండా ప్రతి గుంపుకీ ఒక కోడ్ ఉంటుంది. మొదటిసారి బటన్ నొక్కి ఒకదాన్నొకటి పరిచయం చేయాలి. చవకరకం కొన్నిటికి కంపెనీ నుంచి అన్నిటికీ ఒకే కోడ్ వస్తుంది. అది మార్చకుండా పై ఫ్లాటువాళ్లూ, కింద ఫ్లాటువాళ్లూ అదే సరుకు కొంటే, ఒకరి వంటింటి పొగకి ఇంకొకరి ఇల్లు లేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది పెట్టె మీద ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది, చాలాసార్లు అసలే ఉండదు. గుంపులో ఒకటి చచ్చిపోతే మిగతావాటికి తెలుస్తుందా? మంచివి అప్పుడప్పుడూ "ఉన్నాను" అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఎవరైనా పలక్కపోతే మిగిలినవి టిక్కుమని ఫిర్యాదు చేస్తాయి. ఈ సౌకర్యం లేనివాటిలో ఒకటి మూగబోయినా మీకు తెలిసేది నిప్పంటుకున్న రోజునే. నన్నడిగితే ఫోన్ యాప్ ఉందా, రంగు ఏమిటి అన్నవాటికంటే ముందు ఇదడగాలి.

ఇక సూట్‌కేసు కథ. మా బావమరిది న్యూజెర్సీ నుంచి వస్తూ ఆరు అలారాలు తెచ్చాడు. "ఇక్కడివి నమ్మకం లేదు బావా, ఒరిజినల్ ఇవి" అన్నాడు. తీరా చూస్తే రెండు కరెంటుకు కలిపేవి, 120 వోల్టులవి. మన 230కి తగిలిస్తే పొగ అవే పుట్టిస్తాయి. మిగతా నాలుగూ వైర్‌లెస్‌వి, 915 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. అమెరికాలో 902 నుంచి 928 దాకా లైసెన్సు అక్కర్లేని జాగా. మన దేశంలో అందులో కొంత సెల్‌ఫోన్ కంపెనీలది. ఇక్కడ ఇలాంటి చిన్న పరికరాలకు వదిలిన జాగా 865 నుంచి 867 మెగాహెర్ట్జ్, 2021లో దాన్ని 868 దాకా పెంచారు. యూరప్ సరుకులో చాలావరకు 868 దాటిన చోట పనిచేస్తుంది కాబట్టి అదీ అంచు మీద జారిపోతుంది. ఇక్కడ అమ్మే రేడియో సరుకుకి కేంద్ర టెలికాం శాఖ కింద ఉండే డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం ఉండాలి. ఆ కాగితం చూపించమంటే అమ్మేవాడి ముఖంలోనే సగం జవాబు దొరుకుతుంది.

ఆ నాలుగింట్లో రెండింటికి ఇంకో ముచ్చట ఉంది. అవి వెలుతురుతో పనిచేసేవి కావు, లోపల అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం చిటికెలో చిటికెడు ఉన్నవి. అది గాలిని విద్యుదీకరిస్తే సన్నటి కరెంటు పారుతుంది, పొగ వస్తే ఆ కరెంటు తగ్గుతుంది. భగ్గున మండే మంటను ఇవి త్వరగా పట్టుకుంటాయి, రాజుకునే పొగను పట్టుకోవడంలో వెనకబడతాయి. మాస్టారి వైరులాంటివి రాజుకునే రకమే. పైకప్పుకి ఉన్నంతకాలం వాటివల్ల మనిషికి ప్రమాదం లేదు గానీ, మన దేశంలో వీటిని అణుశక్తి నియంత్రణ మండలి అదుపులో ఉంచుతుంది. పాడైతే చెత్తబండిలో పారేసే వస్తువు కాదు. ఆరింటినీ మళ్లీ సూట్‌కేసులోనే పెట్టి పంపించాను. బావమరిది కొంచెం నొచ్చుకున్నాడు.

మరి వైఫైవి? ఆఫీసులో ఉన్నా ఫోన్‌కి కబురొస్తుందని మా యువకులంతా వాటికే ఓటేశారు. నాకున్న అభ్యంతరం ఒక్కటే, దాని పేరు హుద్‌హుద్. 2014 అక్టోబరు 12 తర్వాత మన జిల్లాలో కరెంటు లేకుండా రోజులకు రోజులు గడిపినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళంవాళ్లూ అదే చూశారు. కరెంటు లేని రాత్రులే కొవ్వొత్తులూ, కిరసనాయిలు దీపాలూ, జనరేటర్లూ బయటికొచ్చే రాత్రులు. రౌటర్ మీద ఆధారపడి కలిసే అలారాలు సరిగ్గా ఆ రాత్రే విడిపోతాయి. ఎవరికివారు మోగడం మానవు, కానీ పక్కదానికి చెప్పలేవు. అలారాలు తమలో తాము నేరుగా రేడియో మీద మాట్లాడుకోవాలి. ఫోన్‌కి కబురు పంపే పెట్టె ఒకటి పక్కన ఉంటే ఉండనీ, అది అదనపు సుఖం. రెండూ ఉన్న రకాలు దొరుకుతాయి.

ఇంతవరకూ ఒక ఇంటి సంగతి. ఒక ఇంట్లో అయితే నా లెక్క సూటిగా ఉంది: అన్నీ కలపండి. అపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది.

జనరల్ బాడీ మీటింగులో మొదటి ప్రతిపాదన ఇరవై ఫ్లాట్లనీ ఒకే గుంపుగా కలిపేద్దామని. వినడానికి బాగుంది. ఇరవై ఇళ్లలో వారానికి ఒక్క ఇంట్లో ఒక్కసారి సాంబ్రాణికో, మాడిన అన్నానికో మోగినా, వారానికోసారి అర్ధరాత్రో అపరాత్రో అందరం మెట్లు దిగాలి. నాలుగోసారికి ఎవరూ దిగరు. ఐదోసారి నిజంగా అంటుకుంటుంది. నాన్నా పులి కథ మనకు చిన్నప్పుడే చెప్పారు.

మరి అసలు కలపకపోతే? లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం కాలిపోయింది. 72 మంది చనిపోయారు. నాలుగో అంతస్తు ఫ్లాట్ వంటింట్లో ఫ్రిజ్ దగ్గర మొదలైంది. ఆ ఇంట్లో అలారం మోగింది, ఆ ఇంటాయన్ని లేపింది, ఆయన ఫోన్ చేశాడు. అలారం ఎక్కడా తప్పు చేయలేదు. కానీ భవనం మొత్తానికి కలిపి మోగే ఏర్పాటు లేదు, ఎందుకంటే అక్కడి పద్ధతే అది. ఒక్కో ఫ్లాటూ నిప్పుని తనలోనే ఆపే పెట్టెలా కడతారు కాబట్టి పక్కింట్లో నిప్పంటుకుంటే మీ ఇంట్లోనే ఉండమంటారు. బయట గోడకు అంటించిన మండే రేకుల వల్ల ఆ లెక్క తప్పింది. ఇళ్లలోనే ఉండమన్న సలహాని వెనక్కి తీసుకునేసరికి దాదాపు రెండు గంటలు గడిచాయి. ఆ తర్వాత, ఏయే అంతస్తులవాళ్లని ఎప్పుడు లేపాలో ఫైర్ సిబ్బందే నిర్ణయించి మోగించే ఏర్పాటుకి 2019లో బ్రిటన్‌లో ప్రత్యేక ప్రమాణం రాశారు. అంటే వాళ్లు కూడా తేల్చుకోవాల్సి వచ్చింది అదే ప్రశ్న, ఎవరిని లేపాలి అని.

మన అపార్ట్‌మెంట్లు ఆ పెట్టెల్లాంటివి కావు. డక్ట్ కింద నుంచి పైదాకా గొట్టంలా ఉంటుంది. మెట్లు ఒక్కటే, వాటికి తలుపుండదు. బాల్కనీలకి దొంగల భయంతో గ్రిల్స్ బిగించుకున్నాం, కాబట్టి మెట్లు తప్ప వేరే దారి లేదు. ఇంకో విషయం నేను ఇన్నేళ్లూ రోజూ చూస్తూ గమనించలేదు. ఇరవై ఫ్లాట్ల మీటర్ బోర్డు ఉన్నది ఆ మెట్ల కిందే. బయటికి పోయే ఏకైక దారికి అడుగున, భవనంలో కెల్లా ఎక్కువ కరెంటు పారే చోటు. ఈమధ్య దాని పక్కనే నాలుగు ఎలక్ట్రిక్ స్కూటర్లు కూడా ఛార్జింగుకి పెడుతున్నారు. అక్కడ పొగ మొదలైతే మెట్లు పొగగొట్టమవుతాయి. ఆ పొగ ముందు చేరేది పై అంతస్తుకి, కబురు చివరికి చేరేదీ పై అంతస్తుకే.

చట్టం ఇక్కడ మనకు పెద్దగా సాయపడదు. రాష్ట్ర ఫైర్ సర్వీస్ చట్టం 1999లోది. నివాస భవనాలకి ఫైర్ ఎన్‌ఓసీ 18 మీటర్లు, ఆపైన ఎత్తుకే. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్, అలారం వ్యవస్థల కోసం ఐఎస్ 2189 ఉన్నాయి గానీ, మనలాంటి ఊళ్లలో చాలా అపార్ట్‌మెంట్లు ఆ ఎత్తుకి కొంచెం కిందే ఆగుతాయి. మాదీ అంతే. ఎవరూ అడగరు, మనమే అడుక్కోవాలి.

చివరికి మేం తేల్చుకున్నది రెండంచెలుగా. ఇంటి పొగ అలారాలు ఆ ఇంటికే పరిమితం. పోపు మాడితే ఆ ఇల్లే లేస్తుంది, ఆ ఇల్లే తిట్టుకుంటుంది. భవనం మొత్తాన్ని లేపే హక్కు రెండింటికే ఇచ్చాం. ఒకటి మెట్ల దగ్గరా, మీటర్ బోర్డు దగ్గరా ఉన్నవాటికి. రెండోది ప్రతి ఫ్లాట్ వీధిగుమ్మం లోపల పెట్టే వేడి డిటెక్టర్‌కి. వంటింట్లో ఎంత మాడినా గుమ్మం దగ్గర 57 డిగ్రీలు రావు. వచ్చిందంటే ఆ ఇల్లు చేయిదాటింది, అప్పుడు అందరూ లేవాల్సిందే. ఇది మేం కనిపెట్టింది కాదు, బ్రిటన్‌లో వాటాలుగా మార్చిన పాత ఇళ్లకి వాడే పద్ధతి. పార్కింగ్ నాలుగు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడ పొగది పెట్టినా గాలి ఎత్తుకుపోతుంది, బండ్ల పొగకి ఊరికే మోగుతుంది కూడా. మీటర్ బోర్డు పైన వేడిది, మొదటి అంతస్తు మెట్ల మలుపులో పొగది పెట్టాం. స్కూటర్లని అక్కణ్నించి మార్పించడానికి పట్టిన సమయం అలారాలు బిగించడానికి పట్టలేదు.

ఖర్చు దగ్గర మాత్రం ఓడిపోయాను. గుమ్మం డిటెక్టర్లకి పదకొండు ఫ్లాట్లే ఒప్పుకున్నాయి. ఎప్పుడో అమెరికా నుంచి వచ్చే ఇద్దరు యజమానులు ఫోన్ ఎత్తలేదు. మాస్టారు అందరికంటే ముందు కట్టారు. ఆయన పడగ్గదిలో ఇప్పుడు బొంగురు స్వరం రకం ఉంది. మొదటి పరీక్షలో అది మోగగానే, వంటింట్లో ఉన్న ఆయన భార్య దున్నపోతు అరిచిందనుకున్నారట. డాబా తాళంచెవి కూడా వాచ్‌మన్ దగ్గర ఒకటి, ఐదో అంతస్తులో ఒకటి పెట్టించాం. మోగితే లిఫ్టు ఎక్కకూడదని, 101కి గానీ 112కి గానీ చేయాలని మెట్ల దగ్గర కాగితం అంటించాం.

నెలలో మొదటి ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ప్రతి ఇంట్లో టెస్ట్ బటన్ నొక్కుతాం. మూడు కూతలు, చిన్న విరామం, మళ్లీ మూడు. అన్ని గదుల్లోనూ వినబడిందో లేదో వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పోయిన నెల నాలుగో అంతస్తు నుంచి జవాబు రాలేదు. పైకెళ్లి అడిగితే ఆవిడ మొహమాటపడుతూ చెప్పారు. మనవడి బారసాలకి సాంబ్రాణి వేస్తారు కదా, గోల ఎందుకని హాల్లోది విప్పి బీరువాలో చీరల మధ్య పెట్టారట. తర్వాత మరిచిపోయారు. స్టీలు బీరువాలోంచి రేడియో బయటికి రాదు. దాంతో మిగతా రెండూ తమలో ఒకటి కనబడటం లేదని మూడు వారాలుగా రాత్రీ పగలూ టిక్కు టిక్కుమంటూనే ఉన్నాయి. ఆవిడ బల్లి అనుకున్నారు.